పగ్గం

మక్కలు పట్టే మిషన్ బరువు
ఎక్కేటప్పుడు ఇంజన్‌కు తెలుస్తది,
దిగేటప్పుడు నా నడుముకు తెలుస్తది.

పోయిన యాసంగిల, ములుగు తొవ్వల గుట్ట దిగుతుంటె
కింద మేకలు రోడ్డు దాటుతున్నయి.
తొక్కిన. బండి ఇన్నది.
ఎనుక మిషన్ ఇనలే.
రేషన్ లైన్ల ఎనుకటోడు నూకినట్టు నూకింది.
పక్క అద్దంల
నా మిషన్ నాకే ఎదురొస్తున్నట్టు కనవడ్డది.

ఒక్క మేక. సూడిది.
పైసలిచ్చిన. ముసలామె లెక్కవెట్టలే,
కొంగుల ముడేసుకుంట హుక్కు దిక్కు చూసింది.
"ఎడ్లబండికి సుత పగ్గం ఉంటది గద బిడ్డా,
దీనికేది?"

పరకాల్‌ల, రేగొండల, బాకీ వెట్టిన ఆసాముల వాకిట్ల
ఆ మాట, చెవుల దూరిన మక్క పొట్టు లెక్క
నాతోనే తిరిగింది.

వరంగల్ ఆటోనగర్. యాకూబ్ పాషా షెడ్డు.
ఎనుక చక్రం ఇప్పి లైనర్ చూపిచ్చిండు,
తల దువ్వుకునే అద్దం లెక్కున్నది.
"మెరిసేది పట్టది అన్నా" అని
దాన్ని మూలకు ఇసిరిండు.
ఆయిల్ తీస్తె నల్లగ, చాయ డికాక్షన్.
సిగరెట్ డబ్బ మీద రాసిండు:
ముందట పెద్ద డిస్కులు, ఎనుక కొత్త డ్రమ్ములు,
మాస్టర్ సిలిండర్, బూస్టర్.
"ఇదంతా సగమే" అని
మిషన్ ఇరుసు మీద చాక్‌పీసుతోని రెండు సున్నలు చుట్టిండు.
"దీని బ్రేకులు దీనికి కావాలె."

స్వరూప సంచి తీయలే.
సంఘం లోన్ ఇంక ఏడు కిస్తులున్నది.
"ఉరుకుడుకు గూడ ఇన్ని కాలే,
ఆగుడుకు ఇన్ని పైసలా?"
యాకూబ్ జవాబియ్యలే.
ఇంకో గిరాకి ట్రాలీకి బిగిచ్చిన హుక్కు చూపిచ్చి
"నూకు భాభీ" అన్నడు.
నూకింది. స్ప్రింగు లోపలికి జరిగింది, కడ్డీ కదిలింది,
అవుతల చక్రం బిగుసుకున్నది.
"ముందట బండి ఆగితె ట్రాలీ నూకుతది గద,
ఆ నూకుడే దాని బ్రేకును పడ్తది.
ఎంత నూకితె అంత పడ్తది."
స్వరూప మల్లొకసారి నూకింది. ఇంకోసారి.
నా దిక్కు చూసి నవ్వింది, ఎందుకో చెప్పలే.
సంచి జిప్పు తీసింది.

మూడో దినం, పైపులల్ల గాలి తీసుడు.
అది ఒక్కనితోని కాదు.
స్వరూప సీట్ల, చెప్పులు ఇడిసి, ఉత్త కాలు పెడలు మీద.
యాకూబ్ చక్రం కింద. సీసా పట్టుకొని నేను.
"దబాయించు... దబాయించు... పట్టి ఉంచు."
నిప్పిల్ ఇప్పితె సీసల బుడగలు,
ఎసరు తెర్లినట్టు.
"ఛోడో."
మల్ల.
పదిహేడేండ్ల కాపురంల మేమిద్దరం
ఒక్క మాట మీద ఇంతసేపు ఎన్నడు లేము.
నాలుగో చక్రం కాడికి వచ్చేసరికి
నా మోచేతులు జారుతున్నయి, ఆమె పిక్క గుంజుతున్నది.
"గట్టిగైంది" అన్నది ఆమెనే,
మాకంటె ముందు.

వానకాలం మక్కలు. అదే గుట్ట.
గేరు దించి తొక్కిన.
బండి ఆగింది. ఒక్క రెప్ప ఎనుక, టక్కుమని,
హుక్కు లోపలికి జరిగిన సప్పుడు.
మిషన్ ఆగింది,
పేరు వెట్టి పిలిస్తె నిలవడ్డట్టు.

మేకలు లేవు.
తుమ్మ నీడకు కూసున్న పోరన్ని అడిగిన.
"మా అవ్వనా? మందను అమ్ముకున్నది. కండ్లు కనవడ్తలెవ్వు."
"చెప్పు మీ అవ్వకు, పగ్గం ఏసిన అని."
"దేనికి?" అన్నడు.

చెప్పేలోపట్నే ఎనుక ఆర్టీసీ బస్సు హారన్.
డ్రైవర్ తలకాయ బయటవెట్టి మొత్తుకుంటున్నడు:
"ఏమున్నదని ఆపినవ్‌రా నడి రోడ్డు మీద?"

"ఏం లేదన్నా" అన్న, తొవ్వ ఇచ్చుకుంట.
"ఆగుతదా లేదా అని."