నలభై ఒకటో నిమిషం

ఔరా నది గడ్డకట్టిన రాత్రి
తుర్కులో, బార్ మూల బల్ల దగ్గర నలుగురం.
మాటంతా ఒకడి గురించే.
ముఖం ఎవరం చూడలేదు.
తెర మీద రెండు చేతులు, ఓ కమలాపండు,
తొక్క ఒలుస్తూ చెబుతాడు
ఎవరూ చివరిదాకా కూర్చోలేని సినిమాల గురించి.

"నలభై ఒకటో నిమిషంలో కళ్ళు మూసుకోండి.
నేను మూసుకోలేదు, అందుకే చెబుతున్నా."
ఆర్వో కూడా మూసుకోలేదట.
వారం రోజులు మాంసం ముట్టలేదట.
గొప్పగా చెప్పాడు, బీరు నురగ మీసంతో.

"గుర్రం గొంతు కోస్తే కళ,
అమ్మ ఏడిస్తే మెలోడ్రామా,
ఇదేం తూకం మీ వాడిది?" అంది రైయా.
ఆర్వో బల్ల గుద్దాడు. ఉప్పుడబ్బా దొర్లింది.

మూడు నెలలైంది, కొత్తది లేదు.
చివరిసారి పక్కగదిలో ఎవరో దగ్గారు.
చేతులు ఆగాయి.
"ఒక్క నిమిషం" అని లేచెళ్ళాడు.
సగం ఒలిచిన పండు
ఆరు నిమిషాలు అలాగే, ఒంటరిగా.
కత్తిరించకుండా వదిలేశాడు.
అతను మెచ్చిన ఏ సినిమా గురించీ
ఇంతగా కొట్టుకోలేదు మేం:
తల్లా? భార్యా?
పొడిదగ్గా, కఫమా?

అప్పటిదాకా నోరు విప్పని ఐలా,
బేకరీలో రాత్రి షిఫ్టు, గోళ్ళల్లో ఇంకా పిండి,
"వాటిల్లో ఒక్కటీ చూడలేదు నేను" అంది.
"భయం. అతను చూసొచ్చి చెబుతాడు కదా,
బతికే ఉన్నాడు కదా అని
పడుకుంటాను."

ఎవరం నవ్వలేదు.
రైయా ఉప్పుని వేలితో పోగుచేస్తోంది.
చాలాసేపటికి ఆర్వో, కిటికీలోంచి మంచుకేసి చూస్తూ,
"నేనూ మూసుకున్నాలే" అన్నాడు.
"చప్పుడు మాత్రం విన్నా."