సబ్బు మీద అచ్చు

టిఫిన్ డబ్బాలో ఇవాళ ఇడ్లీ లేదు.
ఎర్ర సబ్బు బిళ్ళ ఉంది,
దాని మీద నా అద్దం చట్రం అంచు నొక్కి తీసిన అచ్చు:
ఒక మెట్టు, ఒక బుగ్గ, ఒక పల్లం, మళ్ళీ చిన్న మెట్టు.
పెరంబూరులో బీచ్ లోకల్ ఎక్కి
ఎండకి మెత్తబడుతుందేమోనని
డబ్బా మీద కొంగు కప్పుకుని కూర్చున్నాను.

పడగొట్టిన ఇళ్ళ కలప అమ్మేచోట
తూకానికి కొన్న బర్మా టేకు చట్రం.
మూడు పక్కలు చెక్కుచెదరలేదు.
నాలుగో పక్క, మేకు పీకే తొందరలో ఎవరో విరిచేశారు.
పదకొండు అంగుళాల ఖాళీ.
ఏకాంబరం ఆచారి చూసి పెదవి విరిచాడు:
"ఈ అంచు తీసే చిత్రిక మా నాయనతోనే పోయిందమ్మా.
ప్లాస్టిక్ పట్టీ అంటించుకో, ఎవరు చూడొచ్చారు?"

నేను చూస్తాను కదా, రోజూ, తల దువ్వుకుంటూ.

పోయిన నెల ఒకసారి మోసపోయాను.
పన్నెండు బిట్లు, చెక్కపెట్టెతో సహా ఆరొందల యాభై.
మూడో కోతకే టేకు మాడింది.
అంచు పొడుగునా బొగ్గు గీత,
ఇల్లంతా అడుగంటిన పప్పు వాసన.
చేతిలో రౌటర్, గుంతల రోడ్డు మీది షేర్ ఆటోలా అదిరింది.
బేరింగ్ ఊడి ఎటు ఎగిరిందో దొరకనే లేదు.
పక్కింటి మరగదం గారు గోడ తట్టారు.

సెంబుదాస్ వీధిలో షంషుద్దీన్ భాయ్ కొట్టు.
ఇద్దరు నిలబడితే మూడోవాడు రోడ్డు మీదే.
సబ్బు చూసి భాయ్ నవ్వలేదు.
కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి
వెలుతురుకి అడ్డంగా పట్టుకున్నాడు.
"అరంగుళం కాడా, పావా?"
పావు అన్నాను, తప్పు ఒప్పుకున్నట్టు.
"పర్లేదు. ఒక్కసారే లోతుకి దిగకు. మూడు దఫాలు."

నా బొటనవేలి గోరు మీద బిట్టు అంచు ఆనించాడు.
"జారిపోతే వద్దు. సన్నగా తెల్లపొట్టు లేవాలి."
లేచింది.
"ఇక్కడ చూడు, కార్బైడు కాడకి అతికిన గీత.
మధ్యలో నల్లచుక్క ఉంటే డబ్బు తిరిగి జేబులో పెట్టుకో.
నిమిషానికి ఇరవై వేల చుట్లు తిరుగుతూ
ఆ చుక్క దగ్గరే విడిపోతుంది.
అప్పుడది బిట్టు కాదు, తూటా."
బేరింగ్‌ని నా చెవి దగ్గర పెట్టి తిప్పాడు.
ఏమీ వినపడలేదన్నాను.
"అదే," అన్నాడు.

ఒక్కటి, ఎనిమిదొందల నలభై.
బేరమాడడానికి నోరు తెరిచి
పాత పెట్టె గుర్తొచ్చి మూసుకున్నాను.
అడక్కుండానే నలభై తగ్గించాడు,
సబ్బు మాత్రం తనకి వదిలెయ్యమన్నాడు.
ఇలాంటి బుగ్గ చూసి చాలా ఏళ్ళయిందట.

నాలుగింటిదాకా మరగదం గారి నిద్ర.
నాలుగూ పదికి స్విచ్చు వేశాను.
మొదటి దఫా గీరింది. రెండోది ఒలిచింది.
మూడో దఫాకి నా మోచేతుల దాకా తేనెరంగు పొట్టు.
మాడు లేదు, అదురు లేదు,
గరుకు కాగితానికి పని లేనంత నునుపు.

ఖాళీలో పెట్టి చూశాను. కుదిరింది.
కుదిరీ కుదరలేదు.
పాత అంచు ఒకచోట కొంచెం తూలుతుంది,
ఒకచోట అరనూలు లోతుకి దిగుతుంది.
భోంచేసి వచ్చి నిదానించిన చెయ్యి కావచ్చు,
పక్కవాడితో మాట్లాడుతూ తోసిన చిత్రిక కావచ్చు.
నా ముక్క మాత్రం
బడికి మొదటిరోజు వెళ్ళే పిల్లాడిలా బిగుసుకుని నిలబడింది.

పగిలిన గాజుపెంకు తీసుకుని
ఎనిమిది వందల రూపాయల నునుపుని
అక్కడక్కడ, చాలా కొంచెం, పాడుచేశాను.

పొట్టు ఊడుస్తుంటే
బీరువా కింద నుంచి దొర్లుకుంటూ వచ్చింది
పోయిన నెల బేరింగ్.
చెవి దగ్గర పెట్టుకుని తిప్పాను.
గరగరా, ఇసుక నములుతూ,
ఇంకా ఏదో సర్దిచెప్పుకుంటోంది.