రెండు రూపాయల రసీదు

ఆ రోజు నా పని వేళ్లతో.
రెండో పోలింగ్ అధికారిని.
ఎడమచేతి చూపుడువేలు పట్టుకోవాలి,
గోరు మొదటినుంచి ఒక గీత గియ్యాలి,
సంతకమో ముద్రో తీసుకుని చీటీ చింపాలి.
ముఖాలు చూడటం నా పని కాదు,
అది పక్క కుర్చీ ఆయనది.

పర్లాకిమిడి నుంచి గుమ్మ దాకా బస్సు,
అక్కణ్ణించి జీపు,
జీపు మొరాయించిన చోటునుంచి
మిషను పెట్టెలు మోసే కుర్రాళ్ల వెనకాల నడక.
కెరబసింగి బడి. ఒకటే గది.
గోడ మీద ఒడియా అక్షరాలు గుండ్రంగా,
మా అక్షరాలకి మేనత్త కూతుళ్లలా.

పదకొండింటికి వచ్చింది గుర్‌బారి రయితా.
మొన్న సాయంత్రం దాకా పలాసలో
జీడిపిక్కలు కొట్టిన మనిషి.
రెండు బస్సులు, ఒక కొండ,
రెండు రోజుల కూలి.

జాబితాలో పేరుంది.
పేరు పక్కన ఫొటో ఉంది.
ఫొటోలో ముఖమే లేదు,
నల్లటి గడిలో రెండు తెల్లచుక్కలు.
ఆ పేజీలో ఆడవాళ్లందరూ అంతే.
ఒకటే చీకటికి
పన్నెండు నంబర్లు వేశారు.

బెంచీ మీంచి ఏజెంటు లేచాడు.
ఇస్త్రీ చొక్కా. జేబు తడుముకుని
రెండు రూపాయల బిళ్ల బల్ల మీద పెట్టాడు.
"ఈవిడ ఆవిడ కాదు."

రూలుంది. ట్రైనింగులో రాసుకున్నాను కూడా.
రెండు రూపాయలు కట్టి
నువ్వు నువ్వు కాదని అనొచ్చు,
రసీదు ఇస్తారు.
నువ్వు నువ్వేనని చెప్పుకోడానికి మాత్రం
రేటు ఎక్కడా రాయలేదు.

ప్రిసైడింగ్ ఆఫీసరు ఒడియాలో అడిగాడు,
తండ్రి పేరేంటి, వయసెంత.
ఆమె నా వైపు తిరిగింది.
పలాసలో నేర్చిన తెలుగు:
"వయసేటని సెప్తానమ్మా,
గొల్లిగెడ్డ పొంగిన యేడు పుట్టినాను."
నాకు రెండు భాషలూ వచ్చు.
నా పని కాదని ఊరుకున్నాను.
కాసేపే.
ఆ కాసేపు ఇంకా గుర్తుంది.

బొటనవేలి ముద్ర వేయించారు.
కాగితం మీద నున్నటి మచ్చ పడింది,
గీతల్ని జీడిరసం ఎప్పుడో తినేసింది.

అప్పుడు వరస తప్పి ఒక ముసలామె లోపలికొచ్చింది.
పోలీసు అడ్డం పెట్టిన చేతిని
కర్రతో పక్కకి జరిపింది,
పాకలోకొచ్చిన మేకని జరిపినట్టు.
గుర్‌బారి గడ్డం పట్టుకుని
ముఖాన్ని కిటికీ వెలుగులోకి తిప్పింది.

నుదుటినుంచి ముక్కు కొస దాకా
సన్నటి పచ్చబొట్టు గీత,
నలుపు మీద నీలం.

ముసలామె సవరలో అంది, గుర్‌బారే తెలుగు చేసింది.
"ముల్లు నాదేనంటంది.
మూడో పోటుకి నాను కదిలిపోనానంట,
అక్కడ సూడండి, వొంకర."

నిజమే. కనుబొమల మధ్య, కొంచెం ఎడమకి.
ఈసారి నేను ఒడియాలో చెప్పాను, గట్టిగా.
బయట వరసలో ఆడవాళ్లు నవ్వారు.
ఆ వంకర ఊరందరికీ తెలుసట.

ఆఫీసరు కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నాడు.
ఏజెంటు వైపు చూడకుండా
రెండు రూపాయల్ని కవర్లో వేసి
అంటించాడు. సర్కారు జమ.

వేలు పట్టుకున్నాను. గీశాను.
కనబడలేదు.
జీడి కాల్చిన చర్మం మీద సిరా ఎక్కడ తేలుతుంది?
మళ్ళీ గీశాను.
మూడోసారి సీసాలో పుల్ల ముంచుతుంటే
"వొగ్గీయమ్మా, మీది నెల్లాళ్లకి పోద్ది" అంది.

అట్ట వెనకాలనుంచి కూత వినబడింది, పొడుగ్గా.
గదిలో ఎవరం మాట్లాడలేదు.

వెళ్తూ వెళ్తూ నా చేతులు చూసింది.
పది వేళ్లకీ సిరా, అరచేతుల నిండా.
"నువ్వెప్పుడేసినావు?"
పోస్టులో, అన్నాను.
ఆ కాగితం మీద గుర్తు ఎవరు పెట్టారో,
కవరు అంటించాక
నా చేత సంతకం ఎక్కడ చేయించారో
చెప్పలేదు.

ఆమె అడగలేదు.
ఒక్క క్షణం నా గడ్డం కేసి చూసింది,
ఆనక కిటికీ కేసి,
వెలుగు ఎటునుంచి వస్తోందో
చూసుకుంటున్నట్టు.