స్టూడియో తెర

జమ్మలమడుగు పాత బస్టాండు వెనక
నబీరసూల్ ఫోటో స్టూడియోలో
ఎండాకాలమూ మంచు కురుస్తానే ఉండేది.

ఎరువులంగడి క్యాలెండర్ చూసి
పెయింటర్ గురప్ప గీసిన తెర అది.
బొమ్మ కింద ఆస్ట్రియా అని ఉండిందంట.
అది దేశమో, మందుల కంపెనీనో
ఆయప్పకూ తెలీదు.
మంచుకు సున్నం వాడినాడు
నీడకు నీలిమందు.
సూదిలాంటి గోపురమున్న చర్చి,
కొయ్య వసారాల ఇండ్లు, కిటికీల కింద ఎర్రపూలు,
పచ్చిక మీద ఒక ఆవు.
ఆవు దగ్గరికొచ్చేసరికి చెయ్యి మాట వినలేదేమో
మూపురం పెట్టేసినాడు.

బుగ్గరాయిపల్లె నుంచి
మొదట ఎద్దులబండ్లలో, తర్వాత ఆటోల్లో పోయి
అందరమూ ఆ తెర ముందరే నిలబడినాం.
పెండ్లయిన మూడో దినం మా జేజి, మెడ బిర్రుగా
(ఆ నలుపు తెలుపు ఫోటోలో
మంచు ఒక్కటే తన సొంత రంగులో ఉంది).
మంచుకొండ కింద చెమటలు కారుతూ మా చిన్నాయన.
సైకిలు కొన్న దినం, సైకిలుతో సహా నేను.

జేజి అడిగిందంట:
"ఈ ఊర్లో జొన్నలు పండుతాయా నాయనా?"
"తడి బాగానే ఉన్నట్టుందమ్మా, పండుతాయిలే.
కదలొద్దు."

మా ఊరిని ఎవరు ఫోటో తీస్తారు?
పొద్దున లేస్తే ఎదురుగా ఉండేదాన్ని!
నాపరాళ్ళ గోడలు,
ఏటేటా వానకు ముందు చౌడు ఎత్తిపోసే మిద్దెలు,
గవాచిలోంచి రొట్టెల పెనం మీదికి దిగే ఎండ,
ముక్కరిగిపోయినా కత్తి దించని వీరగల్లు,
దానికి వీపు ఆనించి బీడీ కాల్చే ఓబుళేసు,
ఏరువాక పున్నమికి కొమ్ములకు రంగు పూసుకొని
వాగు దాటే ఎద్దులు.
ఇవి చూడదగ్గవని
మాకెవరూ చెప్పలేదు.

తర్వాత నీళ్ళొచ్చినాయి.
ముందు వాగు వెనక్కి నడిచింది.
రాత్రికి వల్లకాడు, తెల్లారేసరికి బడి.
మేం తలుపులు, దూలాలు పెరికి ట్రాక్టర్లకెత్తుకుంటుంటే
వీరగల్లు తల మునిగింది
కత్తి మాత్రం ఇంకా రెండు రోజులు
నీళ్ళ మీద ఉండింది.

కాలనీలో ఇండ్లకు పేర్లు లేవు, నంబర్లు.
మాది రెండువందల పద్నాలుగు.
చాప మీద ఉన్న ఫోటోలన్నీ పరిచి వెతికినాం.
అందరూ ఉన్నారు.
పోయినవాళ్ళూ ఉన్నారు.
ఒక్కదాంట్లోనూ ఊరు లేదు
వెనక యాభై ఏండ్ల మంచు తప్ప.

నిన్న నా కూతురు స్టూలెక్కి
గోడ మీది పెండ్లి ఫోటోను చూసి అడిగింది:
"జేజీ, మునిగిపోయిన మన ఊరు ఇదేనా?"

కాదని చెప్పబోయినాను.
జేజి కొంగుతో అద్దం తుడిచి
ముడతల వేలు ఒకచోట ఆనించింది.

"మనదే పాపా.
ఆవుకు మూపురం చూడు."