నీ ఎత్తెంత?

తోర్స్‌హవ్న్ రేవులో తెల్లారకముందే గాలి.
ఏడున్నర పడవ రద్దు.
క్రోమ్‌లో ఆ వరుస ఎర్రబడింది, ఫైర్‌ఫాక్స్‌లోనూ.
హానుస్ పాత ఐఫోన్‌లో మాత్రం
పచ్చగా
బయల్దేరుతూనే ఉంది.

గొర్రెపిల్లని కోటులో దోపుకుని
గంటసేపు వానలో నిలబడ్డాడు.
"పచ్చి అబద్ధం రాన్‌వా, నీ పచ్చరంగు" అన్నాడు.

కోడ్‌లో తప్పులేదు.
కబురు చేరింది, లోపల అంతా మారింది;
పైన గీయడమే మరిచింది సఫారీ.
వేలు తగిలితే అప్పుడు చెబుతుంది,
చావుకబురు చల్లగా.

రాత్రి రెండింటికి రాన్‌వా ఒక్క పంక్తి చేర్చింది:
నీ ఎత్తెంత? అని ఆ వరుసని అడగడం, అంతే.
జవాబు ఎక్కడా దాచలేదు.
కొలుచుకోవాలి కదా, అది తన ఒళ్ళు చూసుకుంది,
ఎర్రబడింది.

పంక్తి పక్కన రాసిపెట్టింది:
దీన్ని తీసేయకండి.
ఎందుకు పనిచేస్తుందో నన్నడక్కండి.