కొసరు

డైరీలో ఎర్రసిరాతోని రాసిన:
"సమావేశానికి మూడుసార్లు రాలేదు.
పిల్లవాని పట్ల శ్రద్ధ కనబడుటలేదు.
సంతకం చేసి పంపగలరు."
పక్కన వాళ్ల సంతకానికి ఖాళీ జాగ,
ఎవరూ కూసోని కుర్చీ లెక్క.

మణిదీప్ ఒకటో తరగతి.
జూన్ నుంచి కార్తీకం దాక
వాని గొంతు నేను వినలేదు.
హాజరు పిలిస్తే చెయ్యి లేపుతడు, అంతే.
పలక మీద అక్షరం దిద్దుతడు,
ఎవరన్న చూస్తే మోచేతితోని మూస్తడు.
వాట్సాప్‌ల నేను పంపిన నోటీసులన్నిటికి
వాళ్లింటి నంబరు కాడ ఒకటే టిక్కు.
తండ్రి బోరుబండి మీద ఏ జిల్లాలనో ఉన్నడు,
ఫోను ఆయనతోనే పోయింది.
అవ్వ బడి గేటు దాక తోలుకొస్తది,
నన్ను చూస్తే కొంగు గుంజుకొని మర్లిపోతది.

సాయంత్రం పల్లెవెలుగు
నన్ను కల్వకుర్తిల దించుతది.
బస్టాండు పక్క గోనెసంచి పరుచుకొని
ఒకామె కూరగాయలు అమ్ముతది.
అయిదు నెలల సంది మా ఇద్దరిది ఒకటే పంచాయితి.
ఆనిగెపుకాయ ఇరవై, అంటది.
సొరకాయ పదిహేను, అంట నేను.
పద్దెనిమిదికి తెగుతది.
పేరు అడగలేదు.
బేరం చేసేటోళ్లకు పేరెందుకు.

ఆ దినం చలి ముందుగాలనే దిగింది.
తక్కెట్ల బెండకాయలు పోసుకుంట
"అక్కా, సదువుకున్నదాని లెక్క కొడ్తున్నవ్,
గిది జర సదివి పెట్టరాదూ" అని
సంచిలకెల్లి ఒక పుస్తకం తీసింది.
అట్ట మీద ఏనుగు.
తొండానికి పసుపు అంటుకుంది.
"మా పిలగాని బడిది. నాలుగొద్దుల సంది ఎంటేసుకొని తిరుగుతున్న.
టీకొట్టాయన కండ్లద్దాలు తేలేదన్నడు."

నా చేతిరాత నన్నే చూసింది.
వీధిదీపం కింద ఎర్రక్షరాలు నల్లగ కనబడుతున్నయి.
శ్రద్ధ అనే కాడ
నా నాలుక ఎండిపోయింది.

చదివిన.
రాసింది చదవలేదు.
"మీ బాబు బడిల మాట్లాడుతలేడు,
ఇంట్ల మాట్లాడుతడా, అని ఉంది" అన్న.

ఆమె నవ్వింది, తక్కెడ ఊగింది.
"మాట్లాడుడా! వాని నోరు మూపిచ్చుడే కష్టం.
రాత్రి నేను పోయేదాంక పండకుండ కూసుంటడు,
మిగిలిన టమాటలు పదేసి కుప్పలు పెడ్తడు,
నూరు దాక తప్పడు.
బడిల్నే.
మొదటి దినం టీచరు బొమ్మ చూపిచ్చి ఇదేందిరా అంటే
ఆనిగెపుకాయ అన్నడంట.
అందరు నవ్విండ్రంట.
కాదు, సొరకాయ, అన్నదంట టీచరు.
గప్పటిసంది
మన మాటలు తప్పువోతయే అమ్మా, అంటడు."

నవ్విన పిల్లలు యాదికున్నరు.
నేను నవ్విన్నో లేదో
ఎంత తవ్వినా దొరుకుతలేదు.
మా అమ్మ గూడ ఆనిగెపుకాయనే అంటది.

"నా మాటగ జవాబు రాయి అక్కా."
డైరీని గుమ్మడికాయ మీద ఆనిచ్చి
ఎర్రగీత కింద నీలంతోని రాసిన:
"ఇంట్లో మాట్లాడుతాడు. నూరు దాక లెక్కపెడతాడు.
ఆనిగెపుకాయ తప్పు కాదు."

ఆమె నా చెయ్యి దిక్కే చూస్తున్నది.
"మా వాని టీచరు గూడ
ఎడమచేత్తోనే రాస్తదంట."
ఇంకేం అనలేదు.
అచ్చంపేట బస్సు ఒకటి
మా ఇద్దరి మీద దుమ్ము పోసి పోయింది.

ఆనిగెపుకాయ ఎంత, అని అడిగిన.
చిన్నప్పటి గౌను తొడుక్కున్నట్టు
ఆ మాట నోట్లె పట్టలేదు.
"ఇరవై."
ఇరవై ఇచ్చిన.
డైరీ మూసేటప్పుడు ఆమె బొటనవేలి మట్టి
సంతకం జాగల అంటింది.
గుప్పెడు పచ్చిమిరపకాయలు కొసరేసి
"ఐతారం నేను బజారుకు రాను,
ఇంటికాడ్నే ఉంట" అన్నది.

తెల్లారి హాజరు పిలిచిన.
మణిదీప్ చెయ్యి లేపిండు.
అంతే.
ఐతారానికి ఇంక మూడొద్దులు.