పాచి

మా ఇంటి తెలుగులో రెంటికీ ఒకటే పేరు.
తొట్టి అడుగున వేలికి జారేదీ పాచే,
నిద్ర లేచేసరికి నోట్లో ఉండేదీ పాచే.
ఇక్కడ, షెఫీల్డ్‌లో, హీలీలో మేడమీది మా ల్యాబ్‌లో
బయోఫిల్మ్ అంటారు,
పొడుగాటి పేరు పెడితే
కాస్త మర్యాదగా పెరుగుతుందేమో అన్నట్టు.

నేను కట్టుడుపళ్ళు చేస్తాను.
పంతొమ్మిదేళ్ళుగా పరాయి చిగుళ్ళకి
గులాబీ రంగు కలుపుతున్నాను.
పొడిలో ద్రవం పోస్తే మొదట తడి ఇసక,
ఆ తర్వాత తీగపాకం,
ఆ తర్వాత గిన్నె అంచుని వదిలేసే ముద్ద.
అదే అదను.
దాటితే ఎవరి నోటికీ లొంగదు.

ఈసారి పొడి యూనివర్సిటీ నుంచి వచ్చింది.
చీటీ మీద పేరు లేదు, అంకె ఉంది.
లోపల వెండి నలుసులు,
మైక్రోస్కోపు కూడా వెతుక్కునేంత చిన్నవి.
కాండిడా అనే బూజు
ఆక్రిలిక్ సందుల్లో కాపురం పెట్టకుండా
కాపలా కాయాలట.
నాకు ఉగ్గుగిన్నె గుర్తొచ్చింది.
పళ్ళు రాని నోటికి మొదటి వెండి,
పళ్ళు పోయిన నోటికి మళ్ళీ వెండి.
మధ్యలో ఏదో ఒకటి నమిలాం.

ఈనిడ్ స్టానిఫోర్త్, ఎనభై తొమ్మిది.
అంగిలంతా ఎర్రగా,
సరిగ్గా పళ్ళసెట్టు ఆకారంలోనే,
పటం తీసేసిన గోడ మీద మచ్చలా.
"ఇరవయ్యొకటో పుట్టినరోజుకి మా నాన్న కానుక" అంది.
"అన్నీ పీకించేశాడు. ఒక్క మధ్యాహ్నం.
సగం గట్టివే."
మళ్ళీ ఖర్చు ఉండదని.
అప్పట్లో అందరూ చేసేదే అంది,
చెవులు కుట్టించినంత తేలిగ్గా.
పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు మావాళ్ళు.
ఆ రాయికి రిబ్బను కట్టి ఇస్తారని
సామెత చెప్పినవాడికి తెలీదు.

ఫారంలో పదకొండో ప్రశ్న:
రాత్రి తీసి ఉంచుతారా?
'లేదు' దగ్గర టిక్కు పెట్టి
పెన్ను మూత బిగించింది.
"ఆర్నల్డ్ నన్నలా చూడలేదు. యాభై రెండేళ్ళు."
ఆర్నల్డ్ పోయి పదిహేనేళ్ళు.
లెక్క వేసుకుని, ఊరుకున్నాను.

కొత్త సెట్టుకి కాస్త మబ్బు పట్టింది.
వెండి గుణం అది, గులాబీలో బూడిద కలుపుతుంది.
ఆమె నోట్లో పెట్టుకోలేదు.
కళ్ళు మూసుకుని
బొటనవేలితో అంచంతా తడిమింది.
"ఇక్కడ నీ చక్రం ఎత్తేశావు."
ఎడమ పక్క, వెనగ్గా. నా కంటికి అద్దమే.
భూతద్దం కింద పెడితే
వెంట్రుకంత గీత.
ఆ బూజుకి అంత సందు చాలు,
ఊరు కట్టుకోడానికి.

పదిహేనో ఏట బఫింగ్ షాపులో చేరిందట.
తలకి ఎర్రగుడ్డ, నడుముకి గోధుమరంగు కాగితం చుట్టుకుని
చెంచాలు, ఫోర్కులు,
ఎవరి బల్ల మీదికో తెలియని మెరుపు.
"వెండి ఉంది కదా అని ధీమా పడకు.
ఊరికే కూర్చుంటే వెండీ నల్లబడుతుంది.
రుద్దాలి."
మళ్ళీ చక్రం తిప్పాను.
పక్కనే నిలబడింది, మేస్త్రీలా.

ఆరు నెలలకి అంగిలి చల్లబడింది.
యూనివర్సిటీ పిల్ల టామ్‌సిన్ నోట్లో దూదిపుల్ల తిప్పి
వెండి పనిచేస్తోంది అని నవ్వింది.
ఈనిడ్ సంచిలోంచి చక్కెర గిన్నె తీసింది.
వెండిపూత, అంచున సొట్ట.
తను రుద్దినదే, ఫ్యాక్టరీ వద్దంటే ఇంటికి తెచ్చుకుంది.
"రాత్రుళ్ళు ఇందులో పడుకుంటున్నాయి.
ముందు బ్రష్షు, తర్వాత నీళ్ళు, తర్వాత ఇది."
ఆర్నల్డ్ మాట ఆమె ఎత్తలేదు.
నేనూ అడగలేదు.

టామ్‌సిన్ పెన్ను గాల్లో ఆగిపోయింది.
పొడిలో వెండా, గిన్నెలో నీళ్ళా,
నేను దిద్దిన గీతా,
ఏది తగ్గించిందో రాయడానికి
ఫారంలో గడి లేదు.
మార్జిన్‌లో రాయమన్నాను.
రాసింది, చిన్న అక్షరాలతో, వంకరగా.

ఇవాళ బల్ల మీద ఇంకెవరిదో కింది సెట్టు.
కళ్ళు మూసుకుని తడుముతున్నాను.
నునుపు, నునుపు,
నునుపు,
ఆగు. ఇక్కడ.